ఉగాదికి పాతిల్లు సర్దినాం: నా అనుభవం

ముందే చెప్తున్నా, ఇల్లు సర్దేటప్పుడు టైం తినేది దుమ్ము కాదు, బరువులు కాదు, ఫోన్లు. మాది కర్నూలు వన్‌టౌన్‌లో అత్తగారిల్లు, కింద హాలు, వంటిల్లు, ఒక బెడ్‌రూం, పైన ఒక పెద్ద రూము, మెట్ల కింద చిన్న గూడు. ఉండేది నేను, మా ఆయన, పిల్లలిద్దరు, మా అత్త. సామాను మాత్రం అనంతపురంలో ఉండే మా ఆడబిడ్డది, బెంగుళూరులో ఉండే మరిదిది, చనిపోయిన మామది, ఇంకా ఎవరెవరిదో. ఎవరికి ఇల్లు మారితే వాళ్ళు "కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంచు వదినా" అని దించిపోయినవే అన్నీ. కరోనాకు ముందు దించిన కూలర్ ఒకటి ఇంకా ఆ కొన్నాళ్ళలోనే ఉన్నింది.

2025లో ఉగాది మార్చి 30 ఆదివారం పడింది, మర్నాడే రంజాన్. మా సందులో రెండు పండగల ఇండ్లూ ఒకేసారి కడుగుడు, పెయింట్లు, సున్నాలు, ఇంగ కూలికి మనిషి దొరకడు అని తెలుసు కాబట్టి మార్చి మొదటి వారంలోనే మొదలుపెట్టినాం. పక్కింటి ఆంటీ వాళ్ళు మాకంటే ముందే మొదలుపెట్టినారు, రోజా ఉండి కూడా సహరీ అయినాక పొద్దున్నే పని చేసుకొని ఎండ వచ్చేలోపు ఆపేసేవాళ్ళు, అది చూసే మేమూ టైం మార్చుకున్నాం. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకానే పని. మార్చిలో కర్నూలు ఎండ చెప్పేదేముంది, పదకొండు దాటితే పై రూములో నిలబడే పనే లేదు. నిచ్చెన కూడా వాళ్ళదే తెచ్చుకున్నాం.

ఇంకోటి మా అత్త రూల్స్. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదు. కొత్తమాస (ఉగాది ముందొచ్చే అమావాస్య) నాడు అసలే పోకూడదు. దీపం పెట్టినాక కసువు బయట పోయకూడదు. నమ్మకం ఉన్నా లేకపోయినా ఇంట్లో పెద్దోళ్ళుంటే ఈ లెక్క వేసుకొని మొదలుపెట్టండి, ఎందుకంటే పాత సామాన్లు కొనే ఆయన బండి మా వీధికి వచ్చేదే శుక్రవారం. ఆయన నంబరు సంపాదించి, బుధవారం రాప్పా అని బతిమాలి, ఆయన సరే అని రాకుండా, మళ్ళ ఫోన్ చేసి, ఇట్లా ఒక వారం ఊరికే పోయింది. ఆ వారమంతా హాల్లో గోనె సంచుల మధ్యలోనే టీవీ చూసినాం.

హాలు గురించి పెద్దగా లేదు, ఒక పూట పని. పేపర్లు, తెగిన చెప్పులు, ఏ ఫోన్‌దో తెలియని చార్జర్లు. టీవీ కింద సొరుగు మాత్రం జాగ్రత్త. మాకు డేట్ అయిపోయిన మాత్రలు ఒక కవర్ నిండా వచ్చినాయి, మామ బీపీ మాత్రలు కూడా ఇంకా ఉన్నాయి, ఆయన పోయింది 2017లో. దాంట్లోనే పాత ఫోన్ల బ్యాటరీలు రెండు ఉబ్బిపోయి ఉన్నాయి, పిల్లోడు దాన్ని వేలితో నొక్కుతా ఉంటే చూసి గట్టిగా అరిచినా. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా గుచ్చినా మంట అంటుకోవచ్చు. అవి, కాలిపోయిన సీఎఫ్ఎల్ బల్బులు (వాటిల్లో పాదరసం ఉంటాది, పగలగొట్టకూడదు), మాత్రలు, అన్నీ వేరే డబ్బాలో పెట్టి చెత్త బండి అబ్బాయికి చేతికి ఇచ్చి చెప్పినాం. ఆ అబ్బాయి తలూపి అన్నిటితో పాటు ఒకే దాంట్లో వేసుకున్నాడు. నేను చూస్తానే ఉన్నా. అడిగితే "ఆడికి పోయినాక వేరు చేస్తారక్కా" అన్నాడు.

అసలు కథ వంటింట్లో. మావి కడప బండల షెల్ఫులు, గోడలో దించి కట్టినవి, పై రెండు వరసలు నా చేతికి అందవు కాబట్టి పెండ్లయినప్పటి నుంచి వాటి జోలికే పోలేదు. నూనె జిడ్డు, పొగ, దుమ్ము మూడూ కలిసి బండ మీద ఒక పొరగా అయిపోయినాయి, వేలు పెడితే వేలు అంటుకుంటుంది. సబ్బుకు పోలేదు. మసిలే నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి, పాత టర్కీ టవల్ ముక్క తడిపి బండ మీద పది నిమిషాలు పరిచి వదిలేసి, తర్వాత పాత ఏటీఎం కార్డుతో గీకితే వచ్చింది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, సోడాకు నా వేళ్ళ చివర్లు ఊడిపోయినాయి.

ప్లాస్టిక్ డబ్బాలు ఎట్లాగూ అందరిండ్లలో ఉండేదే, మూత ఉంటే డబ్బా లేదు, డబ్బా ఉంటే మూత లేదు. హోటల్ పార్సిల్ డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు కడిగి దాచినవి ఒక సంచెడు. అవి పోయేటప్పుడు ఎవరూ నోరు తెరవలేదు. గొడవ మొదలయింది స్టీలు దగ్గర.

మన కాడ స్టీలు మీద పేర్లు కొట్టిస్తారు కదా, చుక్కలు చుక్కలుగా. అత్తను కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్కొక్కటి చేతికిస్తే ఆమె కండ్లజోడు పెట్టుకొని, గిన్నె తిప్పి, చుక్కల మీద బొటనవేలు పెట్టి రుద్ది చదువుతుంది. ఇది మా చిన్నాయన కొడుకు పెండ్లిది. ఇది కోడుమూరు వాళ్ళ గృహప్రవేశం. ఇది మనది కాదు, ఎదురింటోళ్ళది, వాళ్ళ పాప ఓణీల ఫంక్షన్‌కు పాయసం పంపినారు, వాళ్ళు ఇల్లు అమ్ముకొని పోయి పదేండ్లాయె. అట్ల చూస్తే మా వంటింట్లో సగం స్టీలు వేరేవాళ్ళ పేర్ల మీద ఉంది. మా బెంగుళూరు మరిది కొడుకు బారసాల పళ్ళెం మాకు ఇచ్చిందొకటి, మళ్ళ వాళ్ళు వద్దని వదిలిపోయిన కట్ట ఒకటి, వాళ్ళ పేరుతోనే పద్దెనిమిది. పేరుండే వస్తువు పారేస్తే ఆ మనుషులను పారేసినట్టు అని మా అత్త లెక్క. ఆ రోజు వంటింట్లోంచి బయటికి పోయింది రెండు సొట్టపోయిన తపేలాలు, ఒక చిల్లు సర్వ, అంతే.

అయితే ఆ పై షెల్ఫులోనే పేపర్ తీస్తుంటే కింద ఒక రెండు వేల నోటు దొరికింది. అత్త దాచిందే, ఎప్పుడు దాచిందో ఆమెకూ గుర్తు లేదు. ఇది చాలా మందికి తెలీదు కాబట్టి రాస్తున్నా, ఆ నోటు చెల్లని కాగితం అయిపోలేదు. 2023 మే 19న ఆర్‌బీఐ వెనక్కి తీసుకుంటున్నాం అని చెప్పింది, బ్యాంకుల్లో ఇచ్చే గడువు అదే ఏడాది అక్టోబర్ 7తో అయిపోయింది, కానీ ఆర్‌బీఐ ఇష్యూ ఆఫీసుల్లో ఇప్పటికీ తీసుకుంటారు. మనకు దగ్గర హైదరాబాద్. పోకుండా పోస్టులో కూడా పంపొచ్చు, ఏ పోస్టాఫీసు నుంచైనా, డబ్బు మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఫారం నింపి, ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్ జిరాక్సు పెట్టి ఇన్సూర్డ్ పోస్టులో పంపినాం. పోస్టాఫీసు కౌంటర్లో ఉన్నాయన "రెండు వేలకా ఇంత కష్టం" అన్నట్టు చూసినాడు. ఇది రాసే నాటికి ఇంకా పడలేదు, అత్త రోజూ అడుగుతాంది.

బెడ్‌రూంలో బీరువా. బట్టల్లో నావి, పిల్లలవి తీసేదానికి పెద్ద బాధ లేదు. బాధంతా జాకెట్ ముక్కలతో. ఒడిబియ్యానికి, పేరంటాలకు, వ్రతాలకు, వచ్చిన ప్రతి ముక్కా ఉంది, కుట్టించుకునే రకం ఒక్కటి లేదు, ఇచ్చినవాళ్ళకే మళ్ళ పోకుండా చూసుకొని ఇంకొకరికి పెట్టాల. నేను వాటి మీద చీటీలు పిన్ను కొట్టి, ఎవరిచ్చిందో రాసి, ఒక సంచిలో పెట్టినా. తగ్గించినానా అంటే లేదు.

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె మా వీధిలో ఇంకా తిరుగుతాంది. ఆమెతో బేరం ఒక గంట. ప్యాంట్లు, షర్టులు, నైలెక్స్ చీరలు అన్నీ కలిపి పెద్ద మూట ఇస్తే ముందు చిన్న గిన్నె చూపించింది, చివరికి ఒక మీడియం సైజు బేసిన్‌కు ఒప్పుకుంది. కాటన్ చీరలు, పంచెలు ఆమెకు ఇవ్వలేదు, అవి బొంతకు పనికొస్తాయని పక్కన పెట్టినాం, బొంత కుట్టే ఆమెకు కూలి 600, దారం మనదే, పది రోజులు పట్టింది. తర్వాత "పాత పట్టుచీరలు కొంటాం" అని మైకు పెట్టుకొని ఆటో వస్తాది కదా, వాళ్ళకు మా అత్తది చిరిగిపోయిన పట్టుచీర చూపిస్తే, అతను జరీ పోగు ఒకటి లాగి గీకి చూసి 900 అన్నాడు. కొత్తగా మెరిసిపోతా ఉండే నా రిసెప్షన్ చీర చూపిస్తే చేత్తో కూడా ముట్టలేదు, "ఇది ఉత్త జరీ మేడం, వెండి లేదు" అని అవతల పెట్టేసినాడు. పెండ్లప్పుడు ఆ చీర రేటు ఎంత చెప్పినారో మా ఆయనకు ఇంకా గుర్తుంది.

మెట్ల కింద గూడు ఖాళీ చేసేదానికి కూలికి పెట్టుకున్నాం. మగమనిషికి 800, ఆడమనిషికి 500, మధ్యాహ్నం అన్నం మనదే. పాత సైకిలు, ఇన్వర్టర్ బ్యాటరీ, కూలర్, డబ్బా టీవీ. బ్యాటరీని సామాన్లాయనకు ఇవ్వొద్దు, కొత్త బ్యాటరీ కొన్నప్పుడు అంగట్లో పాతదానికి తగ్గిస్తారు, మాకు అక్కడే ఎక్కువ వచ్చింది. డబ్బా టీవీ ఎవరూ తీసుకోరు. సామాన్లాయన దాంట్లో రాగి తీగ ఒక్కటే కావాలి అని అక్కడే రాయి తీసుకొని పగలగొట్టబోయినాడు. ఆ గాజులో సీసం ఉంటాది, పిల్లలు తిరిగే సందు, వద్దని ఆపినాం. వంద తక్కువ చేసుకొని అట్లే ఎత్తుకొని పోయినాడు. ఎక్కడ పగలగొట్టినాడో మాత్రం దేవునికే తెలియాలి.

ఆయన కాటా గురించి ఒక మాట. చేతిలో పట్టుకొని వేలాడదీసే స్ప్రింగు కాటా తెచ్చినాడు. మొదటి పేపర్ల కట్ట 18 కేజీలు అన్నాడు. మా ఆయన విమానానికి పోయేటప్పుడు సూట్‌కేసు తూకం వేసే చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీసుకొచ్చి అదే కట్టకు తగిలిస్తే 21 చిల్లర. ఆయన ఏమీ అనలేదు, నవ్వి "దాంతోనే వేయండి సార్" అన్నాడు. పేపర్లకు కేజీ 13, పుస్తకాలకు 10, ఇనుముకు 26 కట్టినాడు. అంతా కలిపి మాకు ఆరు వేల చిల్లర వచ్చింది. కూలి, ట్రాలీ ఆటో, మాస్కులు, సోడా, పురుగు మందు, టీలు అన్నీ కలిపితే దానికి పైనే ఖర్చయింది. డబ్బు మిగులుతుందని మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. మావాడివి ఇంటర్ ఫస్టియర్ పుస్తకాలు కూడా వేసేద్దామంటే వాడు రిజల్ట్ వచ్చేదాకా ఆగమ్మా అన్నాడు, ఆ ధైర్యం లేకపోవడం చూసి నాకు భయమేసింది.

ఇంగ పై రూము. దీనికోసం ముందే ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టినా, ప్రతి పెట్టెకు నంబరు వేసి, ఎవరిది ఎవరు తీసుకుంటారో ఆదివారం రాత్రి లోపల చెప్పండి అని. మరిది అయిదు నిమిషాల్లో "అన్నీ పడేయ్ వదినా" అన్నాడు. ఆడబిడ్డ రెండు రోజులు చూసి కూడా జవాబియ్యలేదు, నీలం గుర్తులు పడినాయి. మూడో రోజు ఫోన్ చేసి "నేను వచ్చి చూసుకుంటా, నా పెట్టె ముట్టుకోవద్దు" అనింది. సరే అని ఆగినాం, ఆమె ఆ పై శనివారం అనంతపురం నుంచి బస్సులో వచ్చింది, మధ్యాహ్నం దాకా కూర్చొని తన బీఈడీ రికార్డులు చూసి నవ్వుకొని, రెండు చీరలు కవర్లో పెట్టుకొని, పెట్టె అక్కడే పెట్టి సాయంత్రం బస్సుకు పోయింది. యూట్యూబ్‌లో ఏడాది వాడకపోతే తీసేయండి అని చెప్తారు కదా, వాళ్ళకు ఆడబిడ్డలు లేరేమో.

మామ ట్రంకు పెట్టె అన్నిటికంటే కింద ఉన్నింది. నేను తెరవకుండా అత్తను పిలిచినా, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చింది. పైన చొక్కాలు, లెక్కల పుస్తకాలు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో ఇంటి దస్తావేజు. అన్నీ తీసేసి పెట్టె తలకిందులు చేసి వెనక తడితే మూలల మడతల్లోంచి బూడిద రంగు ఒండ్రు రాలింది, పిండి మాదిరి సన్నగా. 2009 వరదది. అక్టోబర్ 2, శుక్రవారం, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చిన రోజు. నేను అప్పుడు చంటిపిల్లోడితో ఆదోనిలో మా పుట్టింట్లో ఉన్నా, ఇక్కడ అత్త, మామ, మరిది ముగ్గురూ మిద్దె మీద. కింద హాల్లో ఫ్యాన్ రెక్కల దాకా నీళ్ళు. నీళ్ళు తీసినాక బురద ఎత్తిపోసేదానికే వారం పట్టిందంట, బియ్యం, బట్టలు, పెండ్లి ఫోటోలు, కుట్టు మిషను, ఏదీ మిగల్లేదు, ఈ పెట్టె ఒక్కటి నీళ్ళలో నుంచి తీసి ఎండబెట్టినారు. ఇదంతా నాకు తెలిసిందే, మామ ఉన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పినాడు. కానీ ఆ ఒండ్రు నేల మీద చూసినాక, పార్సిల్ డబ్బాలు తప్ప ఇంకేదీ పారేయనివ్వని ఆమెతో స్టీలు కాడ వాదించిన రోజు గుర్తొచ్చింది. ఆమె మాత్రం మామూలుగానే పరక తీసుకొని దాన్ని ఊడ్చి, "పోయేటప్పుడు ఒక్క రాత్రిలో పోతాయి మే, దానికి నువ్వింత కష్టపడే పని లేదు" అని కిందికి దిగిపోయింది.

దస్తావేజు కాగితాలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి, విడదీస్తే చిరుగుతాయి, విడదీయొద్దు కూడా. అదృష్టం, మొదటి పేజీ మీద డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం కనపడుతున్నాయి. ఆ రెండూ ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయొచ్చు. వాళ్ళు రేపు మాపు అని తిప్పుతున్నారు, ఉగాది పోయినాక రమ్మన్నారు. మీ ఇంట్లో కూడా పాత కాగితాలు ఉంటే నంబరు ఫోటో తీసి పెట్టుకోండి ఇప్పుడే.

లెక్కల పుస్తకాలు మా ఆయన ఉంచుకున్నాడు. చొక్కాలు అత్తే ఇచ్చేసింది, కూలికి వచ్చిన మనిషికి, ఆయన కొలత సరిపోయిందని.

పై రూములో చివర బయటపడింది రాగి కాగు. పాతకాలంలో స్నానానికి నీళ్ళు కాచేది, అడుగు నల్లగా మసి. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే ఒకవైపు ఎర్రగా బయటికొచ్చింది, ఇంకోవైపుకు నా చేతులు ఒప్పుకోలేదు. సామాన్లాయన తొమ్మిది కేజీలు తూచి కేజీ 600 ఇస్తా అన్నాడు. అదేదో సంతోషంలో మా ఆయన గ్రూపులో ఆ రేటు రాసినాడు. అంతే. అన్నీ పడేయ్ వదినా అన్న మరిది నిమిషంలో ఫోన్, "అది మా జేజిది, నాకు కావాలి, బెంగుళూరులో హాల్లో పూలు వేసి పెట్టుకుంటా" అని. ఆడబిడ్డ, "అమ్మ నాకు ఇస్తానని నా పెండ్లప్పుడే చెప్పింది" అని. అత్తను అడిగితే ఎవరికీ చెప్పలేదు అంటుంది, ఒకరోజు ఇద్దరికీ చెప్పినా అంటుంది. వేసవి సెలవులకు ఇద్దరూ వస్తామన్నారు, వచ్చినాక కూర్చొని తేల్చుకుంటారంట. అప్పటిదాకా కాగు హాల్లో తలుపు పక్కన ఉంది, సగం ఎరుపు సగం నలుపు, దాంట్లో గొడుగులు, మావాడి క్రికెట్ బ్యాటు పెట్టినాం.